త్రాగుడు – శాసనము – చికిత్స



గట్టు తగవులు, నీటి తగవులు, దాయాదుల తగవులు మీ యొద్దకు వచ్చునట్లే, త్రాగుబోతు భర్తను గూర్చి భార్య తెచ్చు తగవును మీకు క్రొత్తది కాదు. మీరు వానిని రచ్చబండకు పిలిపింతురు. చీవాట్లు పెట్టుదురు. దండుగ వేయుదురు. వాడు కన్నతల్లిమీద ఒట్టు పెట్టుకొనును. పది దినములు గడచును. పదునొకండవ దినమున వాడు మరల కల్లు దుకాణమునొద్ద కనబడును. అప్పుడు అందరును ఒక్క గొంతుతో అను మాట యొకటి కలదు: ‘వీనికి సిగ్గులేదు.’

ఈ మాట ఎంతవరకు నిజమో విచారించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము. నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు చదివికొని, చిరకాలము బడిలో పాఠములు చెప్పి విరమించినవాడను. కావున వైద్యశాస్త్రము తెలిపిన విషయమునకు చరిత్రమార్గమున చేరుటకు ప్రయత్నింతును. హైదరాబాదు పాతనగరమున నివసించువాడనగుటచే ఈ నగరపు చరిత్రయే నాకు దారిబత్తెము. మన పూర్వులు త్రాగుడును నాలుగు విధములుగా జూచిరి: పాపమని కొందరు, రాబడియని కొందరు, నేరమని కొందరు, రోగమని కొందరు. మొదటి మూడు చూపులును ఎంతవరకు పనిచేసినవో చరిత్రలో కనబడుచున్నది. నాలుగవ చూపు మన యూళ్లకు ఇంకను సరిగా చేరలేదు.

పాపమను చూపు అన్నిటికంటె ప్రాచీనము. భారతమందలి ఆదిపర్వమున కచుని కథ మీరెరిగినదే. రాక్షసులు కచుని దహించి ఆ బూడిదను మద్యమున గలిపి శుక్రాచార్యునిచే త్రాగించిరి. మత్తు దిగిన తరువాత ఆ మహాత్ముడు మద్యపానము మహాపాతకమని కట్టడి చేసెను. మౌసలపర్వమున మరియొక కథ కలదు. ద్వారకలో ముసలము పుట్టగా, ఏ యింటను మద్యము చేయరాదనియు, చేసినవానిని బంధువులతో గూడ శూలమున వేయుదుమనియు చాటింపు వేయించిరి. ఇంతకంటె కఠినమైన మద్యనిషేధము లోకమున మరియొకటి యుండునా? అయినను ఆ యాదవులే ప్రభాసతీర్థమునకు యాత్రపోయి, అచ్చట త్రాగి, తుంగను పెరికి యొకరినొకరు కొట్టుకొని నశించిరి. సాక్షాత్తు శ్రీకృష్ణుడు కనుల యెదుట నుండగనే యిది జరిగినది. చాటింపు ఊరిలో నున్నంత సులభముగా మనసులో నిలువదని వ్యాసమహర్షి మనకు చెప్పుచున్నాడని నేను భావింతును.

రెండవది రాబడియను చూపు. కౌటిలీయార్థశాస్త్రమున సురాధ్యక్షుడను ఉద్యోగి కలడు. మద్యము చేయుట, అమ్ముట, దానిపై సుంకము రాబట్టుట వాని పని. మన హైదరాబాదు 1591లో వెలసిన నగరము. అది పుట్టిన నూరేండ్లలోపలనే ఇచ్చటి కల్లు దేశాంతరములలో ప్రసిద్ధికెక్కినది. టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ రాజ్యమునకు పలుమారులు వచ్చి, తన యాత్రాగ్రంథమును 1676లో పారిస్ నగరమున ప్రకటించెను. తోలుసంచులలో కల్లు నింపుకొని దినమునకు ఐదారువందల గుఱ్ఱములు ఈ నగరమున ప్రవేశించుచుండెననియు, ఆ కల్లుపై సుంకము వలన సుల్తానుకు గొప్ప యాదాయము వచ్చుచుండెననియు అతడు వ్రాసెను. ముఖ్యముగా ఆ యాదాయము కొరకే అంతమంది వేశ్యలకు అనుమతి యిచ్చుచుండిరని అతని యభిప్రాయము.

కుతుబ్‌షాహీలు పోయి ఆసఫ్‌జాహీలు వచ్చిన పిమ్మటను ఈ యేర్పాటు పోలేదు. గుత్తదారులు మాఱిరి, లెక్కల పద్ధతి మాఱెను, అబ్కారీ యను పేరు స్థిరపడెను, అంతియే. నిజాము రాజ్యమునకు భూమిశిస్తు తరువాత ముఖ్యమైన రాబడులలో అబ్కారీ యొకటి. సేందీకల్లు, తాటికల్లు, ఇప్పసారా – ఈ మూడును సర్కారు ఖజానాకు పాడియావులు. ప్రతి పల్లెకు బడి లేకపోయినను కలాలీ యుండెను. త్రాగువాడు పాడగుచుండగా పాలకుడు లెక్క చూచుకొనుచుండెను. ఈ మాట పాతకాలమునకే చెల్లునని తలపకుడు. నేడును రెండు తెలుగు రాష్ట్రములలోను మద్య విక్రయము శాసనసమ్మతము. ఖజానాకు అది గొప్ప యాధారము.

ఇట్టి కాలమున పాతనగరమునకు చేరువనే, మూసీనది కావల, చాదర్‌ఘాట్ ప్రాంతమున ఒక మహానుభావుడు పనిచేసెను. ఆయన భాగ్యరెడ్డివర్మ. 1888లో ఈ నగరముననే దళిత కుటుంబమున జన్మించి, 1906లో జగన్మిత్రమండలిని, 1911లో మాన్యసంఘమును స్థాపించెను. దేవతలకు జంతుబలి, బాలికలను దేవదాసీలుగా విడుచుట, పెండ్లికిని చావునకును త్రాగుడు – వీనినన్నిటిని మాన్పుటకు హరికథలు చెప్పించెను, సభలు జరిపెను, భజనలు చేయించెను. ఆయన పద్ధతిలో నొక విశేషము కలదు. త్రాగవలదని చెప్పి యూరకుండలేదు. పిల్లలకు బడులు పెట్టించెను. పెద్దలకు కూడుటకొక చోటు, వినుటకొక కథ, తలయెత్తి నిలుచుటకొక కారణము కల్పించెను. దుకాణమున దొరకు చెలిమికి బదులు మరియొక చెలిమి చూపెను. 1939లో ఆయన పరమపదించినను, ఆయన నేర్పిన యీ పాఠము నేటి వైద్యులును ఒప్పుకొనదగినది.

మూడవది నేరమను చూపు. మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీని సేలం జిల్లాలో మద్యనిషేధమును మొదలిడెను. మరుసటి యేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు అది వ్యాపించెను. పోయిన రాబడిని పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్నును పుట్టించిరి. నిషేధము కొంతకాలము సడలి, మరల 1948లో రాజధాని యంతట అమలునకు వచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా నిషేధమును ఉంచవలెనా తీయవలెనా యను వివాదము పెరిగి, ఆ కారణముననే 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము పడిపోయెను. 1956లో తెలంగాణము, ఆంధ్రము కలియుటకు ముందు పెద్దమనుష్యులు చేసికొనిన యొప్పందములో సయితము మద్యనిషేధమును గూర్చి యొక షరతు కలదు: తెలంగాణమున దానిని అమలు జరుపు తీరు తెలంగాణపు శాసనసభ్యుల నిర్ణయమునకు విడువవలెనని. ఒక ప్రక్క నిషేధము, మరియొక ప్రక్క అబ్కారీ – ఈ రెండు సంప్రదాయములును ఒక రాష్ట్రమున చేరినవి.

దేశాంతరమున అమెరికా సంయుక్తరాష్ట్రములు 1920లో మద్యమును రాజ్యాంగముచేతనే నిషేధించి, దొంగసారాను, దానిని నడపు ముఠాలను అణపజాలక 1933లో ఆ నిషేధమును రద్దుచేసికొనినవి. మన రాజ్యాంగమందలి 47వ అధికరణము మద్యనిషేధమునకు ప్రయత్నింపుమని రాజ్యములకు ఆదేశించుచున్నది. ఆచరణ ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క తీరుగ నున్నది.

శాసనము వలన మేలే లేదని నేనననుగాక అనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినది నా వంటి బడిపంతులు మరువరానిది. అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబళ్లకు వచ్చిన స్త్రీలు వాచకములోని పాఠమును తమ యింటి కథతో పోల్చిచూచుకొనిరి. సారా దుకాణమునకు అడ్డముగా నిలిచిరి. ఆ యుద్యమమునకు పేరుగా నిలిచిన రోశమ్మగారు గొప్ప చదువు చదివినవారు కారు. ఊరినుండి యూరికి, జిల్లానుండి జిల్లాకు అది ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును విధించెను. 1997లో అది సడలింపబడెను. ఆ కొద్దికాలముననైనను దుకాణము కనుమఱుగైన యూళ్లలో కూలిడబ్బు ఇల్లు చేరినదని చెప్పు తల్లులు నేటికిని గలరు. దుకాణము దూరమైనకొలది క్రొత్తగా త్రాగుట నేర్చుకొనువారు తగ్గుదురు. ఇది శాసనము చేయగల మేలు. కాని అప్పటికే త్రాగుడునకు దాసుడైనవాని గతి యేమి? ఆ ప్రశ్నను ఎవరును గట్టిగా అడుగలేదు.

ఆ ప్రశ్నకు జవాబు 2015లో తెలంగాణమున కఠోరముగా వచ్చెను. దాని పూర్వకథ కొంచెము వినుడు. చెట్టునుండి దింపిన స్వచ్ఛమైన కల్లునకు మత్తు కొద్దిపాటిది. చెట్లు తక్కువ, త్రాగువారు ఎక్కువ అయినచోట కల్లునకు నీరు చేరును; నీటితో పోయిన మత్తును తెచ్చుటకు మందులు చేరును. క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, ఆల్ప్రజోలం అనునవి ఆ మందులు. వీనిలో కడపటి రెండును భయమును నిద్రలేమిని పోగొట్టుటకు వైద్యులు కొలిచి, కొద్దిదినములకు మాత్రమే వ్రాయునట్టివి. కల్లు త్రాగుచున్నానని తలచినవాడు ఎరుగకయే ఏండ్ల తరబడి ఈ మందులను త్రాగుచుండెను. హైదరాబాదు నగరమున కల్లు దుకాణములు 2004లో మూతపడి, 2014లో మరల తెరువబడెను. జిల్లాలలో అవి సాగుచునే యుండెను. 2015 సెప్టెంబరు ప్రాంతమున ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు చేసి ఆ సరఫరాను ఒక్కసారిగా అరికట్టెను. ఉద్దేశము మంచిదే. కాని నిజామాబాదు, మెదకు, మహబూబునగరము జిల్లాలనుండి జనులు వణకుచు, మూర్ఛలతో పడిపోవుచు, లేనివానిని ఉన్నట్లు చూచి కేకలు వేయుచు ఆసుపత్రులకు రాసాగిరి. హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యాలయము వారితో క్రిక్కిరిసెను. కొందరు మరణించిరని పత్రికలు వ్రాసినవి.

వారందరును సిగ్గులేనివారా? వారు ఆ దినమున త్రాగి పడిపోలేదు, త్రాగకపోవుటచే పడిపోయిరి. ఇచ్చటనే మనకు నాలుగవ చూపు అవసరమగుచున్నది.

దీనిని ఒక యుపమానముచే చెప్పెదను. ఒకడు వెలుపలినుండి తలుపును నెట్టుచున్నాడనుకొనుడు. లోపలివాడు తలుపు తెరచుకొనకుండ అంతే బలముతో ఎదురు నెట్టును. వెలుపలివాడు హఠాత్తుగా తొలగినచో లోపలివాడు తన బలము చేతనే బోర్లపడును. మద్యము మెదడును మందగింపజేయును. నిత్యము త్రాగువాని మెదడు మేలుకొనియుండుటకై ఎదురు నెట్టుట నేర్చుకొనును. మద్యము ఒక్కసారిగా నిలిచినప్పుడు ఆ యెదురుబలము శరీరమును కుదిపివేయును. కడపటి త్రాగుడునకు ఆరు గంటలు మొదలుకొని చేతులు వణకును, చెమట పట్టును, గుండె దడదడలాడును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు, గట్టిగా పట్టుబడినవానికి సన్నిపాతమువంటి భ్రాంతి కలుగవచ్చును. చికిత్స లేనిచో అది ప్రాణాంతకము. పది దినములకు మరల దుకాణమునకు పోయినవాడు ఒట్టును గాలికి వదలినవాడు మాత్రమే కాడు. ఆ పది దినములును మంచముమీద వణకిన మెదడు వానిని అచ్చటికి ఈడ్చుచున్నది. దేహము కుదుటబడిన పిమ్మటను ఆ తపన నెలల తరబడి పొంచియుండును.

ఈ విషయము మన శాస్త్రములకు అపరిచితము కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమను రోగమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. వాత పిత్త కఫ భేదముచే దాని లక్షణములు చెప్పబడినవి. త్రాగుట మానినవాడు మరల ఒక్కసారిగా అతిగా త్రాగినచో కలుగు ధ్వంసకము, విక్షయము అను రెండు వ్యాధులును అచ్చటనే వివరింపబడినవి. మద్యముచే పుట్టిన యీ రోగమును కొలత ప్రకారము ఇచ్చు మద్యముతోనే శమింపజేయవచ్చునని గూడ ఆచార్యుడు చెప్పెను. అనగా హఠాత్తుగా తీసివేయరాదనియు, మెల్లమెల్లగా దింపవలెననియు మన పూర్వవైద్యులు కనిపెట్టిరన్నమాట. ఐరోపాలో త్రాగుడు రోగమను మాటను థామస్ ట్రాటర్ అను వైద్యుడు 1804లో వ్రాసెను. 1849లో స్వీడను దేశపు మాగ్నస్ హస్ అను వైద్యుడు ఈ రోగమునకు నేడు వాడుకలోనున్న ఆంగ్లనామమునకు మూలమైన పేరును పెట్టెను.

నేటి చికిత్సాక్రమము ఇట్లున్నది. మొదట విషము దింపుట. ఆసుపత్రిలో మద్యమునకు బదులుగా మెదడును శాంతపరచు మందునిచ్చి, దినదినమునకు తగ్గించుచు సాధారణముగా వారము పది దినములలో ఆపుదురు. బి1 విటమిను సూదిమందుగా నిత్తురు. అది లోపించినచో మతిమరుపు స్థిరపడును. ఈ పని ఇంటిలో సొంతముగా చేయదగినది కాదు. తరువాతిది తపనను తగ్గించుట. దానికి నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు అను మందులు గలవు. డైసల్ఫిరాం అనునది మరియొకటి. 1948లో డెన్మార్కు దేశమున వెలుగులోనికి వచ్చినది. అది మ్రింగినవాడు త్రాగినచో వాంతులు, గుండెదడ, ముఖమంతయు ఎఱ్ఱబారుట కలుగును. కావున రోగికి తెలియజెప్పి, వాని యిష్టముతోనే వైద్యుడు ఇయ్యవలెను. రోగికి తెలియకుండ అన్నములో కలిపి పెట్టుడని ప్రకటించు పొట్లములను నమ్మకుడు. ఆ పొట్లములో నేమున్నదో మీకు తెలియదు. డైసల్ఫిరామే యున్నచో వాడు త్రాగిన దినమున ప్రాణాపాయము కలుగవచ్చును. నల్లమందు, దానివంటి మత్తుపదార్థములకు లొంగినవారికిని వేరు మందులు గలవు. గంజాయికి లొంగినవారికి హితబోధయే ముఖ్యము. కల్తీకల్లునకు లొంగినవానికి ఆ మాత్రలను క్రమక్రమముగా తగ్గించుట అవసరము.

మూడవ మెట్టు మనుష్యుల తోడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున, త్రాగుడుచే చెడిన యొక షేర్ల దళారియు, ఒక శస్త్రవైద్యుడును కలిసికొని, ఒకరి కథ యొకరికి చెప్పుకొనుచు ఒకరినొకరు నిలుపుకొనిరి. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సంఘము అట్లు పుట్టినది. పేరు బయటపెట్టరు, రుసుము అడుగరు; వారి కూటములు మన దేశమునను జరుగుచున్నవి. భాగ్యరెడ్డివర్మ భజనలలో చేసినదియు ఇంచుమించుగా ఈ పనియే గదా!

ఇక ఎఱ్ఱగడ్డ వైద్యాలయపు చరిత్రలో నొక విషయము చెప్పెదను. పందొమ్మిదవ శతాబ్ది చివర హైదరాబాదు రాజ్యమున మతిచెడినవారికి మొదట ఇచ్చిన తావు కారాగారపు ఆవరణలోనిది. పిమ్మట అది జాల్నాకు తరలి, 1953లో ఎఱ్ఱగడ్డకు వచ్చి ఆసుపత్రిగా స్థిరపడెను. మనోరోగి జైలునుండి ఆసుపత్రికి వచ్చుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. త్రాగుడునకు బానిసయైనవాడు మన పల్లెలలో ఇంకను రచ్చబండ దగ్గరనే నిలిచియున్నాడు.

లెక్క యొకటి వినుడు. భారత ప్రభుత్వము 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము 10 మొదలు 75 ఏండ్ల వయస్సువారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లమంది, మద్యము పుచ్చుకొనుచున్నారు. వారందరును రోగులు కారు. కాని త్రాగుడునకు పూర్తిగా దాసులైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. తక్కిన 37 మంది ఎచ్చట నున్నారు? మన వీథులలోనే, మన యిండ్లలోనే యున్నారు.

కావున పెద్దలకు నా విన్నపము లివి. భార్యను కొట్టినవానిని మందలింపుడు; రోగమను పేరున వాని దౌర్జన్యమును క్షమింపకుడు. ఆమెకును పిల్లలకును ముందు రక్షణ కల్పింపుడు; అవసరమైనచో చట్టము సాయమును కోరుడు. కాని త్రాగుడు మాన్పుటకు గదిలో పెట్టి తాళము వేయుట, చెట్టునకు కట్టుట చేయకుడు. రెండవ దినమున మూర్ఛ వచ్చినచో ఆ పాపము మీకు చుట్టుకొనును. ఒట్టు పెట్టించుటకు ముందు ప్రభుత్వ వైద్యునకు చూపింపుడు. వణకు, మూర్ఛ, భ్రాంతి కనబడినచో ఆలస్యము చేయక 108 బండిని పిలిపింపుడు. జిల్లాలోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యవిభాగ మెచ్చటనున్నదో ముందుగనే విచారించి తెలిసికొనుడు. టెలిఫోనులో 14446 అను సంఖ్యకు పిలిచినచో మత్తు మాన్పించు విషయమునను, 14416 అను సంఖ్యకు పిలిచినచో మనోవ్యాధుల విషయమునను ఉచితముగా సలహా చెప్పుదురు. బాగై వచ్చినవాడు ఒకమారు జారినచో ‘వీడింతే’ యని త్రోసివేయకుడు. చక్కెరవ్యాధివాడు పండుగనాడు తీపి తిన్నచో వైద్యము మానుకొందుమా? మరల తీసికొనిపొండు. తిరిగివచ్చినవానికి పని చూపింపుడు. సాయంకాలము కూర్చుండుటకు దుకాణము గాక మరియొక అరుగు చూపింపుడు.

దుకాణము ఊరిలో నుండవలెనా వలదా యను విచారము అవశ్యము చేయుడు. దూబగుంట స్త్రీల త్రోవ మంచి త్రోవ. దానితోపాటు దుకాణము మూసిన మరుదినమున మంచముపట్టు వారెవరో ముందుగా లెక్కపెట్టుకొనుడు. 2015లో ఆ లెక్క ముందు వేయకపోవుటచే ఎందరో బాధపడిరి. ఈసారి తగవు మీ రచ్చబండకు వచ్చినప్పుడు, దండుగ వ్రాయు కాగితము మీదనే ఆసుపత్రికి పోవలసిన దినమును, వెంటపోవలసిన మనిషి పేరును వ్రాయుడు. వెంట మనిషి లేనిచో రోగి దారిలోని దుకాణమునొద్దనే ఆగిపోవును.

సెలవు.